త్రోవ ప్రక్కన ఒక సమాధి

ధ్యాన వాక్యభాగములు : ఆదికాండము 23వ అధ్యాయము, 35 : 16-20, 48 : 7, 50 : 1-14



కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఆదివారము ఆరాధనలో మేము యాకోబు శవయాత్రను గూర్చిన పాఠము చదివితిమి. ఆరాధన ముగిసి అందరును వెళ్లిపోయిన తరువాత ఒక సహోదరి గుడి మెట్లమీద ఒంటరిగా కూర్చుండి యుండెను. ఆమె తండ్రి కర్నూలు పడమటి పల్లెలలోని అనేక కూలివారివలె ఏటేట సుగ్గికి పోవు మనిషి. 2021వ సంవత్సరము ఎండకాలములో గుంటూరు ప్రాంతమున మిరపకాయలు కోయుటకు పోయినచోట కరోనా జబ్బు తగిలి అక్కడనే కన్నుమూసెను. ఇంటికి కబురు చేరునప్పటికే అక్కడివారు ఆయనను పూడ్చివేసిరి. ఆ దినములలో బస్సులు సరిగా నడువలేదు. చేతిలో డబ్బు లేదు. ఇంటిలో మరి ఇద్దరు జ్వరముతో పడియుండిరి.

ఆ సహోదరి మాతో ఇట్లనెను : "అయ్యా, యోసేపు వాళ్ల నాయన్ని ఐగుప్తు నుంచి మోసుకొచ్చినాడని చదివితిరి గదా. మా నాయన పోయింది గుంటూరు కాడ. బస్సెక్కితే ఒక్క రాత్రి దావ. ఆ ఒక్క రాత్రి దావ మేము పోలేకపోతిమి. యాడ పూడ్చినారో గూడా మాకు తెలీదు. మేము చేసింది తప్పు కాదా అయ్యా?"

మేము ఆమెతో, "అట్లా అనుకోకూడదమ్మా, అంతా దేవుని చిత్తము" అని ఒక మాట చెప్పి పంపివేసితిమి. ఆ జవాబు చాలలేదని ఆమె ముఖము చూచినప్పుడే మాకు తెలిసినది. ఇట్టి ప్రశ్న ఆమె ఒక్కతెకే కాదు. మన సంఘములలో కువైటులో భర్తను పోగొట్టుకొన్న స్త్రీలు కలరు. బెంగళూరులో కట్టడపు పనికి పోయి తిరిగిరాని కుమారుల తలిదండ్రులు కలరు. ఈ మాసపు ధ్యానము ఆ సహోదరికి మేము బాకీపడిన జవాబు. లేఖనములలోని శవయాత్రల వెంట కొంతదూరము నడిచి, దేవుడు మనకేమి చూపునో చూతము.

1. శారా : వెలయిచ్చి కొనిన స్థలము

లేఖనములలో వివరముగా చెప్పబడిన మొదటి సమాధి శారాది. ఆమె నూట ఇరువదియేడు సంవత్సరములు బ్రదికి హెబ్రోనులో మృతిపొందెను. అప్పటికి అబ్రాహాము కనాను దేశమునకు వచ్చి అరువదిరెండు ఏండ్లాయెను. దేవుడు ఆ దేశమంతయు అతని సంతానమునకు ఇత్తునని వాగ్దానము చేసియుండెను. అయినను భార్యను పాతిపెట్టుటకు తనదని చెప్పుకొనదగిన జానెడు నేల అతనికి లేకపోయెను. అబ్రాహాము ఆమె కొరకు ఏడ్చెను. అయితే తృప్తిదీర ఏడ్చుటకైనను అతనికి సావకాశము లేదు. మృతదేహము ఎదుటనుండి లేచి, స్థలము కొరకు హేతు కుమారులతో మాటలాడుటకు పోవలసి వచ్చెను.

ఈ కష్టము మనకు తెలియనిది కాదు. మన పల్లెలలో అనేక సంఘములకు సమాధుల స్థలము వాగు ఒడ్డుననో, గుట్ట మొదటనో, ఎవరికిని పనికిరాని చోటననో ఉన్నది. అక్కడికి పోవు దారి మరియొకరి చేనిలోనుండి ఉన్నది. పైరు ఉన్నప్పుడు పాడె మోయువారు గట్టుమీద ఒకరి వెనుక ఒకరు నడువవలెను. వాగు పారినప్పుడు నీరు తగ్గువరకు శవమును ఇంటనే ఉంచుకొనవలెను. చనిపోయిన దినముననే ఇంటి యజమాని కన్నీరు తుడుచుకొని దారికొరకు ఒకరిని బ్రతిమాలుకొనుటకు పోవును. అతడు పోవునప్పుడు విశ్వాసులకు తండ్రియైన అబ్రాహాము తనకంటె ముందుగా ఆ త్రోవను నడిచెనని జ్ఞాపకము చేసికొనవలెను.

అబ్రాహాము ఏమి చేసెనో గమనించుడి. వారు తమ సమాధులలో దేనినైనను వాడుకొమ్మనిరి. ఎఫ్రోను పొలమును ఊరకనే యిత్తుననెను. అబ్రాహాము ఆ మర్యాదకు వంగి నమస్కరించెను గాని ఊరక తీసికొనలేదు. నాలుగువందల తులముల వెండి తూచి యిచ్చెను. ఊరి గవినియొద్ద అందరి యెదుట ఆ క్రయము జరిగెను. పొలము, గుహ, పొలిమేరలోనున్న చెట్లు సహా పేరుపేరున చెప్పబడినవి. వాగ్దాన దేశములో అబ్రాహాముకు స్థిరపడిన మొదటి ఆస్తి ఒక సమాధి స్థలము. విశ్వాసము పరలోకమును చూచుచున్నను, భూమిమీద హద్దురాయిని అశ్రద్ధ చేయదని దీనివలన నేర్చుకొందము. మన సంఘ పెద్దలు తాతలనాటి వాడుక ఉన్నది గదా అని ఊరకుండక, సమాధుల స్థలమును దాని దారితో సహా సర్వే నంబరు ప్రకారము కొలిపించి, రెవిన్యూ దాఖలాలలో ఎక్కించుకొనుట మంచిది. చనిపోయిన దినమున బేరము పెట్టుకొనుటకంటె బ్రదికిన దినములలో ఆ పని చేయుట దుఃఖించువారికి ఉపకారము.

2. యాకోబు : ఇంటికి మోసికొనిపోబడినవాడు

ఆ మక్పేలా గుహలోనే తరువాత అబ్రాహామును ఇస్సాకు, ఇష్మాయేలు కలిసి పాతిపెట్టిరి. బ్రదుకులో విడిపోయిన అన్నదమ్ములను తండ్రి పాడె ఒకచోటికి తెచ్చెను. ఇస్సాకు, రిబ్కా, లేయా అక్కడనే చేరిరి. యాకోబు కరవు కాలమున ఐగుప్తునకు పోయి, అక్కడ పదునేడు సంవత్సరములు బ్రదికి, నూట నలువదియేడవ యేట తన అంత్యకాలమున యోసేపును పిలిచి, తన్ను ఐగుప్తులో ఉంచక పితరులయొద్దకు తీసికొనిపోవునట్లు ప్రమాణము చేయించుకొనెను.

యోసేపు ఆ దేశములో ఫరోకు తరువాతివాడు. అంతటివాడైనను తండ్రిని పాతిపెట్టుటకు సెలవు అడుగవలసి వచ్చెను. ఆ సెలవును కూడ తానే పోయి అడుగక, ఫరో ఇంటివారిచేత అడిగించెను. పని ముగియగానే తిరిగి వత్తునని మాట యిచ్చెను. పిల్లలను, మందలను గోషెనులోనే విడిచిపోయిరి. నలువది దినములు శవమునకు సుగంధద్రవ్యములు పూసిరి. డెబ్బది దినములు ఐగుప్తీయులు అంగలార్చిరి. ఆ తరువాతనే ప్రయాణము మొదలాయెను.

కడప జిల్లా నుండి గల్ఫు దేశములకు పోయినవారి కుటుంబములు ఈ అధ్యాయమును చదివినప్పుడు తమ కథను చదివినట్లే యుండును. పరదేశమున ఒకడు చనిపోయినయెడల పనియిచ్చిన యజమాని సంతకము కావలెను. మరణ ధ్రువపత్రము కావలెను. మన రాయబార కార్యాలయము అనుమతి కావలెను. శవము చెడిపోకుండ మందులు పట్టించి పెట్టెలో పెట్టవలెను. ఇక్కడ తల్లి దినములు లెక్కించుకొనుచు కూర్చుండును. అన్నము ముందరనున్నను ముద్ద మ్రింగుడు పడదు. ఇంకను రాని శవము కొరకు ఏడ్చుటయా, మానుటయా తెలియదు. కడకు ఏ చెన్నైకో బెంగళూరుకో విమానము దిగిన పెట్టెను రాత్రియంతయు బండిలో తెచ్చి తెల్లవారుజామున ఊరిలో దించుదురు. ఆ తల్లికి డెబ్బది దినముల అంగలార్పు అనగా ఏమో బోధకుడు వివరింప నక్కరలేదు.

యాకోబు శవయాత్ర యొర్దానుకు అవతలనున్న ఆటదు కళ్లమునొద్ద ఆగినది. అక్కడ యోసేపు తన తండ్రి కొరకు ఏడు దినములు ప్రలాపించెను. కళ్లము అనగా ఏమో మన రైతులకు తెలియును. ఏడాది కష్టము రాశిగా పోసికొను చోటది; జొన్న కంకులు తొక్కించి, తూర్పారబట్టి, నవ్వుచు మూటలు కట్టు చోటది. అట్టి చోట ఆ ఏడ్పు వినబడినది. కనానీయులు దానిని చూచి ఆ స్థలమునకు ఆ దుఃఖమును బట్టియే పేరు పెట్టిరి. ఈ యాత్రలో నడిచిన ఐగుప్తీయులు అబ్రాహాము దేవుని ఎరిగినవారు కారు. అయినను పొరుగువాని దుఃఖమున రథములు కట్టుకొని అంతదూరము వచ్చిరి. మన పల్లెలలోను పాడెకు భుజము పట్టువారిలో హిందువులు, ముసల్మానులు ఉండుట మనము చూచుచున్నాము. దానిని దేవుని దయగా ఎంచి కృతజ్ఞత చెల్లింపవలెను.

యాకోబు యాత్ర ఘనమైనది. ఆ సహోదరి హృదయమును గాయపరచినదియు ఈ యాత్రయే. అయితే యాకోబు జీవితములో మరియొక సమాధి యున్నదని ఆ దినము మేము ఆమెకు చెప్పలేదు.

3. రాహేలు : త్రోవలో విడువబడినది

యాకోబు ప్రాణమువలె ప్రేమించిన భార్య రాహేలు. ఆమె కొరకు అతడు పదునాలుగు సంవత్సరములు కొలువు చేసెను. బేతేలు నుండి ఎఫ్రాతాకు పోవు ప్రయాణములో ఆమెకు ప్రసవవేదన వచ్చి, బిడ్డను కని, ప్రాణము విడిచెను. ప్రాణము పోవుచుండగా తన దుఃఖమును బట్టి ఆ బిడ్డకు బెనోని అని పేరు పెట్టెను. తండ్రి బెన్యామీను అనెను. యాకోబు ఆమెను ఎక్కడ పాతిపెట్టెను? మక్పేలాలో కాదు. బేత్లెహేమను ఎఫ్రాతా త్రోవ ప్రక్కన పాతిపెట్టి, ఆ సమాధిమీద ఒక స్తంభము నిలిపి, మందలను తోలుకొని ముందుకు సాగిపోయెను.

అక్కడనుండి హెబ్రోను బహు దూరము కాదు. సుమారు ఒక దినపు ప్రయాణము మాత్రమే. అయినను అతడు ఆమెను తీసికొనిపోలేదు. చేతిలో పసికందు ఉన్నది. వెంట పసిపిల్లలు, మందలు, దాసదాసీలు ఉన్నారు. అతడెందుకు తీసికొనిపోలేదో లేఖనము కారణము చెప్పలేదు. అతనిని నిందింపనును లేదు. అంతకు కొంచెము ముందే రిబ్కా దాది దెబోరా చనిపోగా ఆమెను బేతేలు దిగువను ఒక సింధూర వృక్షము క్రింద పాతిపెట్టిరి. ఆమె దాసి, అయినను ఆమె పేరు, ఆ చెట్టు, ఆ చెట్టునకు ఏడ్పును బట్టి వచ్చిన పేరు దేవుని గ్రంథములో ఉన్నవి.

ఇప్పుడు 48వ అధ్యాయము 7వ వచనము చూడుడి. యాకోబు ముసలివాడై మంచముమీద నున్నాడు. యోసేపు కుమారులను దీవించు సమయము. మాటల మధ్య తటాలున అతడు రాహేలును తలంచుకొనుచున్నాడు. నేను వచ్చుచుండగా ఆమె త్రోవలో చనిపోయినది, అక్కడనే పాతిపెట్టితినని రాహేలు కుమారునితోనే చెప్పుచున్నాడు. ఎన్ని సంవత్సరములు గడిచినను ఆ త్రోవ అతని కన్నులముందు నుండి పోలేదు. తన్ను పితరులయొద్దకు మోసికొని పొమ్మని ప్రమాణము చేయించుకొన్నవాడే తన ప్రియురాలిని త్రోవలో విడిచి వచ్చినవాడు. తాను చేయలేనిదానిని కుమారునితో ఒప్పుకొని, ఆ నోటితోనే మనుమలను దీవించెను. దేవుడు ఆ దీవెనను త్రోసివేయలేదు.

ఓ సహోదరీ, ఆ దినము మేము నీకు చదివి చెప్పవలసిన వచనమిది. యోసేపుతో నిన్ను నీవు పోల్చుకొని కుమిలిపోతివి. నీవు నిలిచిన చోట నీకంటె ముందుగా యాకోబు నిలిచెను. దేవుడు తన ప్రజలకు ఇశ్రాయేలు అను పేరు ఎవనినిబట్టి పెట్టెనో, ఆ మనుష్యుని హృదయములోను త్రోవ ప్రక్క సమాధి ఒకటి యుండెను.

అంతటితో ముగియలేదు. తరువాత చాలకాలమునకు యూదా ప్రజలు చెరకు పోవు దినములలో, యిర్మీయా ప్రవక్త ఒక తల్లి ఏడ్పు విన్నాడు. అది గుహలో పితరుల ప్రక్కన పండుకొన్న లేయా ఏడ్పు కాదు. త్రోవలో విడువబడిన రాహేలు ఏడ్పు. దేవుడు ఆమెకే జవాబిచ్చి ఆమె పిల్లలు తిరిగి వత్తురని చెప్పెను (యిర్మీయా 31 : 15-17). త్రోవలో ఉన్నదానిని దేవుడు మరువలేదు. ఆ త్రోవ ఏ ఊరికి పోవునది? బేత్లెహేమునకు. లోకరక్షకుడు జన్మించిన ఊరి దారి అది.

4. గుర్తు లేని సమాధులు

రూతు గ్రంథము మన సీమవారి గ్రంథమువలె నున్నది. కరవు వచ్చినందున ఎలీమెలెకు భార్యాపిల్లలతో మోయాబునకు వలసపోయెను. అక్కడ అతడును ఇద్దరు కుమారులును చనిపోయిరి. నయోమి తిరిగి వచ్చినప్పుడు ముగ్గురి ఎముకలను తెచ్చినట్లు వ్రాయబడలేదు. వట్టి చేతులతో, చేదైన మనస్సుతో, ఒక కోడలిని వెంటబెట్టుకొని వచ్చెను. ఊరివారు గుర్తుపట్టలేక ఈమె నయోమియేనా అనిరి. మూడు సమాధులను పరదేశమున విడిచివచ్చిన ఆ యింటనే దావీదు తాత ఓబేదు పుట్టెను.

1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాత సంవత్సరపు మహా కరవులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు మిక్కిలి నష్టపోయినవి. జనులు ఇండ్లు విడిచి గంజి దొరకు చోట్లకు నడిచిరి. అనేకులు బాటలలోనే రాలిపోయిరి. మన సంఘములలోని పలు కుటుంబముల పూర్వికులు ఆ కరవు గడిచిన కాలములోనే విశ్వాసములోనికి వచ్చిరి. అట్టి వంశములలో ముత్తాత సమాధి ఏదని అడిగినయెడల చూపగలవారెవరు?

దీని ప్రక్కనే మరియొక సంగతి తలంచుకొనవలెను. 1800 నుండి 1807 వరకు దత్తమండలముల ప్రధాన కలెక్టరుగా నుండి, తరువాత మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో స్వదేశమునకు మరలిపోవుటకు ముందు ఈ జిల్లాలను కడసారి చూచిపోవలెనని వచ్చెను. 1827వ సంవత్సరము జూలై 6వ తేదీన కర్నూలు జిల్లా పత్తికొండలో కలరా తగిలి మృతిపొందెను. ఆయనను మొదట గుత్తిలో పాతిపెట్టిరి. 1831లో ఆయన అవశేషములను తీసి మద్రాసు కోటలోని సెయింట్ మేరీ దేవాలయమునకు చేర్చిరి. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థముగా బావి కట్టించి తోపు నాటించిరి. నీళ్లకు కటకటలాడు సీమలో చనిపోయినవాని పేర బావి కట్టించుట మంచి తలంపు.

గవర్నరు ఎముకలకు ప్రయాణము కలిగెను. ఆ కాలమున అవే బాటలమీద అదే వ్యాధితో చనిపోయిన బండి తోలువారికి, మూటలు మోయువారికి ఏ ప్రయాణమును కలుగలేదు. లోకము గొప్పవారి శవములను మోయును. మరి దేవుడు? ద్వితీయోపదేశకాండము కడపటి అధ్యాయము చదువుడి. దేవుని సేవకులందరిలో గొప్పవాడైన మోషే వాగ్దాన దేశములో పాతిపెట్టబడలేదు. మోయాబు లోయలో అతని సమాధి ఎక్కడనున్నదో ఏ మనుష్యునికిని తెలియదు. అయితే అతనిని పాతిపెట్టినవాడు దేవుడే. మనకు తెలియని సమాధి దేవునికి తెలియని సమాధి కాదు. ఇశ్రాయేలీయులు యోసేపు ఎముకలను నలువది సంవత్సరములు అరణ్యములో మోసికొని తిరిగి షెకెములో పాతిపెట్టిరి, మోషేను మోయలేకపోయిరి. అయినను రూపాంతరపు కొండమీద ప్రభువుతో మాటలాడుచు నిలిచినవాడు మోషే.

మన ప్రభువైన యేసును కూడ స్వంత ఊరికి మోసికొనిపోలేదని జ్ఞాపకముంచుకొందము. ఆయన తల్లి సిలువయొద్ద నిలిచియుండెను. అయితే కుమారుని నజరేతునకు తీసికొనిపోలేదు. అరిమతయియ యోసేపు తన కొరకు తొలిపించుకొన్న సమాధిని ఇచ్చెను. పరాయివాని స్థలములో పండుకొనినవాడే సమాధిని గెలిచి లేచెను. కాబట్టి గుంటూరు మట్టిలోనున్నను, కువైటు ఇసుకలోనున్నను, ఆయన పిలుపు వినబడని చోటు లేదు.

5. మోయవలసినవారెవరు?

ఇంతవరకు దుఃఖించువారిని ఓదార్చితిమి. ఇప్పుడు మమ్మును మేము ప్రశ్నించుకొనవలెను. ఆ సహోదరి తాను తప్పు చేసితినా అని అడిగెను. ఆ దినములలో సంఘముగా మేమేమి చేసితిమి? ఆ యింటి గడప తొక్కుటకు భయపడితిమి. ఫోనులో ప్రార్థన చేసితిమి. పదునైదు దినముల తరువాత పోతిమి. జబ్బు భయము నిజమే. అయినను వాకిట నిలిచి ఒక బియ్యపు సంచి దించి రావచ్చును. గుంటూరు ప్రాంతపు సంఘములకు కబురు చేసి ఆయనను ఎక్కడ పూడ్చిరో విచారింపవచ్చును. మేమది చేయలేదు. తప్పు ఎవరిదని లేఖనమును అడిగినయెడల, అది తండ్రిని పోగొట్టుకొన్న కుమార్తె వైపు చూపదు. ఆమె చుట్టునున్న మా వైపు చూపును.

దావీదు రాజైయుండియు అబ్నేరు పాడె వెంట నడిచెను; ప్రొద్దు గ్రుంకువరకు ఏమియు తినలేదు. యాబేష్గిలాదు వారు రాత్రి అంతయు నడిచి, శత్రువులు గోడకు తగిలించిన సౌలు శవమును, అతని కుమారుల శవములను తెచ్చి, ఎముకలను పాతిపెట్టి, ఏడు దినములు ఉపవాసముండిరి. సౌలు ఒకప్పుడు వారి ఊరిని కాపాడెను. ఆ మేలును వారు మరువలేదు. యోబు స్నేహితులు మొదట ఏడు దినములు నోరు విప్పక నేలమీద అతనితో కూర్చుండిరి. వారు చేసిన పనులలో మంచి పని అదియే. మాటలాడ మొదలుపెట్టిన తరువాతనే చెడగొట్టిరి. దుఃఖించువారికి పొరుగువారు రొట్టె విరిచి పెట్టుట, ఓదార్పు పాత్ర ఇచ్చుట ఆ జనుల వాడుకయని యిర్మీయా 16వ అధ్యాయము వలన తెలియుచున్నది. అనగా పొరుగువారు చావు ఇంటికి అన్నము తెత్తురు. మన మధ్య అనేక చోట్ల ఇది తలక్రిందులైనది. చావు ఇంటివారే ఊరికి అన్నము పెట్టవలెను. జ్ఞాపకార్థ కూడికకు వేటలు కోయవలెను, పందిరి వేయవలెను, లేనియెడల మాట పడవలెను. చనిపోయినవానికి చేసిన వైద్యపు అప్పుమీద భోజనపు అప్పు పడును. విధవరాలి కన్నీరు ఆరకముందే వడ్డీవాడు గుమ్మమునొద్ద నిలుచును. మనము ఆ పంక్తిలో కూర్చుండి తినుట ఓదార్పు కాదు.

కాబట్టి మన పాస్టరేటు సంఘములు ఈ కొద్ది సంగతులను మనస్సున పెట్టుకొనవలెనని ప్రభువు పేరట వేడుకొనుచున్నాము.

చావు కబురు వచ్చిన గడియలోనే ఇద్దరు పెద్దలు ఆ యింటికి పోవలెను. మూడు దినముల అన్నము సంఘపు ఇండ్లనుండి పోవలెను. జ్ఞాపకార్థ కూడికకు ప్రార్థనయు, మంచినీళ్లును చాలునని సంఘమే ముందుగా తీర్మానించి చెప్పవలెను. అప్పుడు పేదవాడు తలదించుకొనడు. వలసపోవువారి పేర్లు, వారు పోవు ఊరు, అక్కడి ఫోను నంబరు, వారి గుర్తింపు కాగితముల నకలు సంఘ పుస్తకములో ఉంచవలెను. ఆపద వచ్చినప్పుడు వెదకుకొనుటకు దారి యుండును. బండి బాడుగకైనను చాలునట్లు ఒక చిన్న నిధిని ప్రతి మాసము కొంచెము కొంచెముగా కూర్చవలెను. శవమును తేలేకపోయిన ఇంటివారి కొరకు సంఘము కూడి, చనిపోయినవాని పేరును, చనిపోయిన ఊరిని, తేదీని సమాధుల రిజిస్టరులో వ్రాసి, ఆరాధన జరిపి, మన స్థలములోనే ఒక రాయి నిలుపవలెను. యాకోబు నిలిపిన స్తంభము దీనికి మాదిరి.

ఆలస్యముగానైనను మేము ఆ పని చేసితిమి. ఒక సంవత్సరము సమాధుల పండుగనాడు, అందరును తమవారి గోరీలకు సున్నము కొట్టి క్రొవ్వొత్తులు వెలిగించుచుండగా, ఆ సహోదరి తండ్రి పేర ఒక కడప బండ పాతితిమి. దాని క్రింద ఎవరును లేరు. పేరు, గుంటూరు ప్రాంతమున మరణము, 2021 అని మాత్రమే చెక్కించితిమి. ఆమె చాలసేపు ఆ బండ ప్రక్కన కూర్చుండెను. వెళ్లునప్పుడు మాతో, "ఇంతకాలం యాడ కూచోని ఏడ్చల్లో తెలీలేదు అయ్యా. ఇప్పుడు ఒక తావు దొరికింది" అనెను.

నాయీను ఊరి గవినియొద్ద ఒక విధవరాలి కుమారుని పాడె వచ్చుచుండగా మన ప్రభువు ఎదురుపడెను. ఆయన త్రోవ తొలగిపోలేదు. దగ్గరకు వచ్చి పాడెను ముట్టెను, మోయుచున్నవారు నిలిచిరి. లోకములోని శవయాత్రలన్నియు ఒక దినమున ఆయన చేతి క్రింద అట్లు నిలుచును. అంతవరకు మోయవలసినవారము మనమే.

ప్రార్థన

పరలోకపు తండ్రీ, అబ్రాహాము కన్నీటిని, యాకోబు దాచుకొన్న దుఃఖమును, నయోమి వట్టి చేతులను నీవు చూచితివి. మాలో తమవారి సమాధి ఎక్కడనున్నదో తెలియని వారిని నీ దయగల చేతులకు అప్పగించుచున్నాము. ఆ స్థలము నీకు తెలియునను నెమ్మదిని వారికి దయచేయుము. పొరుగువాని పాడె వెంట నడువక తొలగిపోయిన మా భయమును, మా సోమరితనమును క్షమించుము. పరదేశమునుండి రావలసినవారి కొరకు కాచుకొనియున్న ఇండ్లలో నీవు కూర్చుండుము. మమ్మును అక్కడికి పంపుము. పరాయి సమాధిలోనుండి లేచిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.